పటం మీద మన గూడెం ఎవరి కింద ఉంది?

చేతిలో ఫోన్ ఉంది కదా, ఒక్కసారి పటం తెరవండి. మీ మండలం దగ్గరికి పోండి. మొదట కనిపించేది ఏంటి? ఆకుపచ్చ. వేళ్లతో కొంచెం పెద్దది చేయండి. రోడ్డు వస్తది. రిజర్వు ఫారెస్టు పేరు వస్తది. జలపాతం పేరు, దాని పక్కనే రిసార్టు పేరు కూడా వస్తది. ఇంకా పెద్దది చేస్తే మండల కేంద్రం, పంచాయతీ ఊరు వస్తాయి. మరి మన గూడెం? మన పెంట? మన గుంపు?

నాలుగైదు సార్లు పెద్దది చేసినాక, తెర మీద ఇంకేమీ మిగలనప్పుడు, చిన్న అక్షరాల్లో బయటపడతది. కొన్నిసార్లు అప్పుడు కూడా పడదు.

ఇది ఎందుకు ఇట్లా జరుగుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. ఇదేదో కంప్యూటర్ వాళ్ల విషయం, మనకెందుకు అనుకోకండి. సర్వే, డీమార్కేషన్, ముంపు, పులుల అభయారణ్యం, పోడు హక్కు పత్రం, ఏ మీటింగ్‌కు పోయినా ఇప్పుడు గోడ మీద ఒక పటం పడుతోంది. ఆ పటంలో ఏది పైన గీయాలి, ఏది కింద గీయాలి, ఎవరి పేరు ముందు రాయాలి అనేది ఎవరో ఒకరు నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయం మన చేతిలో లేకపోతే, మన ఊరు ఉండి కూడా లేనట్టే అవుతుంది.

ముందు మన తప్పు చెప్పుకుందాం

పోయిన ఎండాకాలం ఒక గుంపులో సామూహిక అటవీ వనరుల హక్కు క్లెయిమ్ కోసం గ్రామసభ కూర్చుంది. మన పిల్లలు నెల రోజులు జీపీఎస్ పట్టుకుని తిరిగారు. ఇప్పచెట్ల జాగా, తునికాకు కోసే జాగా, పశువులు మేసే మేర, పాత ఊరి గుర్తులు, చుట్టుపక్కల గుంపులు, అన్నీ ఎక్కించారు. గోడకు తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ వేశారు. పటం బాగా వచ్చింది. అందరూ సంతోషపడ్డారు.

ఒక అవ్వ లేచి అడిగింది: "అంతా బాగుంది గానీ, మా గుంపు ఏది బిడ్డా?"

"ఉంది అవ్వా, లోపల ఉంది."

"లోపల ఉంటే నాకెట్లా కనిపిస్తది?"

ఆమె అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన ప్రశ్న. మా వాళ్లు గుంపు ఉన్న చోట వేలు పెట్టి నొక్కితే, గుంపు పేరుకు బదులు ఫారెస్టు కంపార్ట్‌మెంట్ నంబర్ వచ్చింది. మేం చేసిన పటంలోనే మా ఊరి మీద అటవీ శాఖ గీతలు వచ్చి కూర్చున్నాయి.

కారణం తర్వాత తెలిసింది. గుంపుల చుక్కలనూ కంపార్ట్‌మెంట్ల ఆకుపచ్చ ముక్కలనూ ఒకే అంతస్తులో పెట్టాం. ఒకే అంతస్తులో ఉన్నవాటిలో చివర వచ్చింది పైన పడతది. టౌన్‌లో సిగ్నల్ బాగున్న చోట చూసినప్పుడు కంపార్ట్‌మెంట్ల ఫైల్ ముందే వచ్చేసింది, చుక్కలు పైన పడ్డాయి, ఏ ఇబ్బందీ కనిపించలేదు. గుంపులో సిగ్నల్ ఒక్క గీత. పెద్ద ఫైల్ కాబట్టి కంపార్ట్‌మెంట్లు చివర వచ్చాయి. వచ్చి, చుక్కలన్నింటినీ కప్పేశాయి. ఎవరూ కుట్ర చేయలేదు. ఏది పైన ఉండాలో మేం చెప్పలేదు, అందుకని సిగ్నల్ చెప్పింది.

ముందు అలుకు, తర్వాత ముగ్గు

పటం గీసే పద్ధతి మన ఇంటి వాకిలి లాంటిదే. ముందు పేడతో అలుకుతాం, ఆ తర్వాత ముగ్గు వేస్తాం. ముగ్గు వేసినాక అలికితే ముగ్గు ఉంటదా?

వెబ్ పటం కూడా పొరలు పొరలుగా గీస్తారు. ముందు గీసింది కింద ఉంటది, తర్వాత గీసింది దాని మీద పడతది. అందుకే పటాలు చేసేవాళ్లకు ఒక మామూలు వరస ఉంటుంది. అన్నింటి కింద నేల, అడవి, చెరువు లాంటి రంగు నింపిన విస్తీర్ణాలు. వాటి మీద వాగులు, రోడ్లు, సరిహద్దులు లాంటి గీతలు. వాటి మీద ఊళ్లు, బావులు లాంటి చుక్కలు. అన్నింటి పైన పేర్లు. విస్తీర్ణాల్లో కూడా పెద్దది కింద, చిన్నది పైన ఉండాలి.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో పోలవరం తీసుకుని చూడండి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ అని చెబుతున్నది 41.15 మీటర్లు. 41.15 ముంపు ప్రాంతం మొత్తం 45.72 ముంపు ప్రాంతం లోపలే ఉంటుంది. ఈ రెండింటినీ నీలం రంగు నింపి గీసి, పెద్దదాన్ని పైన పెడితే చిన్నది కనపడదు. ఎవరి ఇల్లు ముందు మునుగుతుందో తెలియదు. చిన్నదాన్నే గీసి పెద్దదాన్ని ఆపేస్తే, ఆ రెండు గీతల మధ్య ఉన్న ఊళ్లు తమకు ప్రమాదం లేదనుకుంటాయి. ఇక ఊళ్ల పేర్లను నీలం కింద వదిలేస్తే, చూసేవాళ్లకు కనిపించేది నీళ్లు మాత్రమే. లెక్కల్లో ఒక్క అంకె మారలేదు. పొరల వరస మారింది, అంతే. కూనవరంలో, వీఆర్ పురంలో, చింతూరులో, వేలేరుపాడులో కూర్చుని చూసే మనిషికి మాత్రం బతుకే మారిపోయినట్టు కనిపిస్తది.

పేర్లది బస్సు సీటు న్యాయం

గీతల సంగతి అది. పేర్ల సంగతి వేరు. గీత మీద గీత పడినా ఫర్వాలేదు, పేరు మీద పేరు పడితే రెండూ చదవరావు. అందుకే పటం గీసే సాఫ్ట్‌వేర్ పేర్లకు ఒక పోటీ పెడతది. ఒక పేరు రాసినాక, ఆ జాగాకు తగిలే ఇంకో పేరును రాయదు, వదిలేస్తది.

సంత రోజు బస్సు గుర్తు తెచ్చుకోండి. కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు. ముందు వేసినవాడు కూర్చుంటాడు, మిగిలినవాళ్లు దిగి పోవాల్సిందే. పటం మీద తువ్వాలు ముందు ఎవరు వేస్తారు? సాధారణంగా నగరం. తర్వాత పట్టణం. తర్వాత గ్రామం. ఆ తర్వాత, జాగా మిగిలితే, గూడెం. చాలా పటాల్లో ఈ వరస జనాభాను బట్టో, ఊరి తరగతిని బట్టో పెట్టేస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా నగరం, పట్టణం, గ్రామం, పల్లె, ఒంటరి ఇల్లు అని తరగతులు ఉన్నాయి. కింది తరగతి పేరు పటాన్ని బాగా పెద్దది చేసినాక గానీ రాదు.

పాతిక ఇళ్ల చెంచు పెంట ఈ పోటీలో ఎప్పుడు గెలవాలి? నల్లమలలో అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటల చుట్టూ ఇంకో పెద్ద ఊరు లేదు. అక్కడ జాగా ఖాళీగానే ఉంది. అయినా పేరు రాకపోతే దానికి కారణం జాగా లేకపోవడం కాదు. ఆ దూరం నుంచి చూసినప్పుడు ఈ తరగతి పేర్లు రాయొద్దు అని ముందే చెప్పి ఉంచడం. అదే దూరం నుంచి అభయారణ్యం పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో కనపడతది. పేరు పెద్దది కాబట్టి ఎక్కువ జాగా పట్టుకుంటది, దాని కిందపడ్డ చిన్న పేర్లు మళ్లీ పోతాయి.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూడాలి. ఒకటి, మన ఊరు ఆ డేటాలోనే లేకపోవడం. జనగణన లెక్కలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. దాని కింద ఉన్న గూడేలకు విడిగా వరస ఉండదు. దానికి మందు సర్వే, జాబితా. రెండోది, ఊరు డేటాలో ఉండి కూడా తెర మీదికి రాకపోవడం. దానికి మందు పొరల వరస, పేర్ల వరస మార్చడం. మీటింగ్‌లో "ఇక్కడ ఊరు లేదండీ" అని ఎవరైనా అంటే, ఈ రెండింటిలో ఏది అని అడగాలి. మొదటిదైతే కాగితం పని. రెండోదైతే ఐదు నిమిషాల పని.

చట్టం ఒక వరస పెట్టింది

ఆ వరస ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకునేది కాదు. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో చట్టం ఇప్పటికే వరస పెట్టింది.

1996 పెసా చట్టం ఏం చెప్పింది? ఒక ఆవాసం గానీ, కొన్ని ఆవాసాలు గానీ, ఒక గూడెం గానీ, కొన్ని గూడేలు గానీ, ఒక సముదాయంగా ఉండి తమ ఆచారాల ప్రకారం తమ పనులు తాము చూసుకుంటే అదే గ్రామం అని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. అటవీ గ్రామాలు, పాత ఆవాసాలు, సర్వే కాని గ్రామాలు, నోటిఫై అయినా కాకపోయినా అన్నీ గ్రామాలే అంది. ఆ చట్టం కింద 2012లో సవరించిన నియమాల్లో, రికార్డుల్లో లేని గూడేల జాబితాను ప్రతి పంచాయతీ తయారు చేయాలని, ఆ ఆవాసంలోనే గ్రామసభ పెట్టి దాన్ని ఆమోదించాలని రాశారు.

అంటే చట్టం దృష్టిలో గూడెం మొదటి వరస. పటం దృష్టిలో చివరి వరస. మన గొడవంతా ఈ తేడా గురించే.

కోర్ ఏరియా అనీ, క్రిటికల్ వైల్డ్‌లైఫ్ హ్యాబిటాట్ అనీ గీతలు గీసేటప్పుడు ఇది ఇంకా బరువైన విషయం. ఆ హ్యాబిటాట్ కోసం హక్కులు మార్చాలన్నా, మనుషులను కదిలించాలన్నా, ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. గ్రామసభ అన్నీ తెలుసుకుని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏ గ్రామసభ? పటం మీద ఊరే కనిపించకపోతే ఎవరిని అడుగుతారు? ముదురు ఆకుపచ్చ మీద ఒక్క పేరు కూడా లేని పటం ముందు పెట్టుకుని కూర్చున్న అధికారికి, అక్కడ అడగాల్సినవాళ్లు ఉన్నారన్న ఆలోచనే రాదు. దురుద్దేశం ఉండాల్సిన పని కూడా లేదు.

ఇంకో మాట గుర్తు పెట్టుకోండి. శాటిలైట్ చిత్రంలో లేదు, పటంలో లేదు అని క్లెయిమ్ కొట్టేయడం కుదరదు. శాటిలైట్ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు అని 2012 నియమాలు స్పష్టంగా చెప్పాయి. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఈ విషయంలో గిరిజనుల వైపే తీర్పు ఇచ్చింది. పెద్దల వాంగ్మూలం, పాత సమాధులు, పూజించే చోట్లు, బావులు, ఇవన్నీ సాక్ష్యాలే. పటం వాటి పైన కూర్చునే పొర కాదు.

పటాలు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మన యువత ఇప్పుడు సొంతంగా వెబ్ పటాలు చేస్తున్నారు. వాళ్ల కోసం మేం నేర్చుకున్నది సూటిగా చెబుతాం.

లీఫ్‌లెట్ వాడేవాళ్లకు: అందులో అంతస్తులకు నంబర్లు ఉంటాయి. అడుగు పటం 200, గీతలు విస్తీర్ణాలు 400, మార్కర్లు 600, చిన్న పేరు పెట్టెలు 650, పాపప్‌లు 700. గుండ్రటి చుక్కలను మార్కర్లు అనుకోకండి, అవి కూడా 400 లోనే పడతాయి. మా తప్పు అక్కడే జరిగింది. గూడేలకు సొంతంగా ఒక అంతస్తు చేసి 600 పైన నంబర్ ఇవ్వండి. ఇక ఏ ఫైల్ ముందు వచ్చినా, ఏది వెనక వచ్చినా గూడెం పైనే ఉంటది.

అడుగు పటం బొమ్మ ముక్కలుగా వస్తే, పేర్లు ఆ బొమ్మలోనే అచ్చయి ఉంటాయి. మీరు దాని మీద రంగు నింపితే పేర్లు మసకబారతాయి. పేర్లు లేని అడుగు పటం ఒకటి, పేర్లు మాత్రమే ఉన్న పటం ఒకటి, రెండూ విడిగా దొరుకుతాయి. మధ్యలో మీ పొరలు పెట్టి, పేర్లను పై అంతస్తులో పెట్టండి. ఆ పేర్ల అంతస్తు వేలి తాకిడిని పట్టుకోకుండా ఆపడం మరిచిపోకండి, లేదంటే కింద ఉన్నవాటిని నొక్కలేరు.

మాప్‌లిబ్రే లాంటి వెక్టర్ పటాలు వాడేవాళ్లకు: స్టైల్ ఫైల్‌లో పొరల జాబితా పైనుంచి కిందికి ఏ వరసలో ఉంటే ఆ వరసలో గీస్తది, చివరిది అన్నింటి పైన పడతది. కొత్త పొర కలిపేటప్పుడు అది ఏ పొరకు కింద పడాలో చెప్పొచ్చు. చెప్పకపోతే నెత్తి మీద కూర్చుంటది. పేర్ల పోటీలో మాత్రం పైన ఉన్న పొరకే ముందు సీటు. ఒకే పొర లోపల సార్ట్ కీ తక్కువ ఉన్నవాళ్లకు ముందు సీటు. జనాభాను ఆ కీలో పెట్టకండి. గ్రామసభ ఉన్న ప్రతి ఆవాసానికి చిన్న అంకె ఇవ్వండి. పేరుకు జాగా దొరకకపోయినా చుక్క మాత్రం తప్పకుండా కనిపించేలా పెట్టండి. పేరు ఒక పక్క పట్టకపోతే ఇంకో పక్క ప్రయత్నించే వీలు కూడా ఉంది, వాడండి.

తెలుగు పేర్లతో ఇంకో చిక్కు ఉంది. కొన్ని వెక్టర్ పటాల్లో అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుతారు, అందుకని మన వత్తులు, గుణింతాలు విడిపోయి వస్తాయి. కొత్తగూడెం అని రాస్తే చదవరాకుండా పోతది. బ్రౌజరే అక్షరాలు గీసే పద్ధతి వాడితే, అంటే లీఫ్‌లెట్ పేరు పెట్టెలు, ఓపెన్‌లేయర్స్ లాంటివి వాడితే, ఈ బాధ ఉండదు. గుంజాల గోండి లిపిలో పేర్లు రాయాలనుకునేవాళ్లు దానికి తగ్గ ఫాంట్ పటంతో పాటే పంపాలి, చూసేవాడి ఫోన్‌లో అది ఉండకపోవచ్చు.

ఒక అబద్ధం మాత్రం వద్దు. పేరు త్వరగా కనిపించాలని కొందరు పిల్లలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెంటను పట్టణం అని రాస్తున్నారు. అది ఉమ్మడి డేటా. తప్పుడు తరగతి పెడితే ఇంకొకరు వచ్చి సరిచేస్తారు, దాంతో పాటు మన మాట మీద నమ్మకం పోతది. డేటాలో నిజం రాద్దాం. వరసను మన పటంలో మారుద్దాం.

కప్పితే దాచినట్టు కాదు

ఇప్పటిదాకా కనిపించడం గురించి చెప్పాం. కనిపించకూడనివి కూడా ఉన్నాయి. దేవర గుట్టలు, సమాధులు, మందు మొక్కలు దొరికే చోట్లు. వీటిని లోకానికి చూపించాలా వద్దా అన్నది గ్రామసభ ఇష్టం.

కొందరు ఏం చేస్తున్నారంటే, ఆ పొరను మిగతా పొరల కింద పెట్టి, లేదా బాగా దగ్గరికి వస్తే తప్ప రాకుండా పెట్టి, దాచాం అనుకుంటున్నారు. అది దాచడం కాదు. ఆ ఫైల్ చూసేవాడి ఫోన్‌లోకి ఎప్పుడో చేరిపోయింది. తెలిసినవాడు పొరలు తీసి చూడగలడు. దాచాల్సింది ఉంటే ఆ పటంలో అసలు పెట్టకండి. గ్రామసభ దగ్గర ఉండే కాగితం పటంలో పెట్టుకోండి.

ఇది చిన్న విషయమా?

"భూమి పోతుంటే మీరు పటంలో అక్షరాల గురించి మాట్లాడుతున్నారా" అని కొందరు సాథీలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పేరు పైకి తెచ్చినంత మాత్రాన పట్టా రాదు. గుడిసె కూల్చడానికి వచ్చిన జేసీబీ పటం చూసి ఆగదు. అక్కడ నిలబడాల్సింది మనమే. హక్కుల పరిశీలన పూర్తయ్యే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదన్న అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్‌ను చేతిలో పట్టుకుని నిలబడాల్సింది మనమే.

కానీ ఆ జేసీబీని పంపే నిర్ణయం ఎక్కడ జరుగుతుంది? మన ఊరు ఎప్పుడూ చూడని ఒక గదిలో, ఒక తెర ముందు. ఆ గదిలో మన తరఫున మాట్లాడేది ఆ పటం ఒక్కటే. అందులో మన పేరు లేకపోతే, ఆ గదిలో మనం లేము.

కాబట్టి ఇకనుంచి ఏ సభలో పటం వేసినా, పెద్దలు సిగ్గుపడకుండా ఈ ఐదు ప్రశ్నలు అడగండి. జవాబులు మినిట్స్‌లో రాయించండి.

1. ఈ పటంలో ఎన్ని పొరలు ఉన్నాయి? అన్నింటి పైన ఏది ఉంది?

2. ఊళ్ల జాబితా ఎక్కడిది? రెవెన్యూ గ్రామాలదా, గ్రామసభ ఆమోదించిన ఆవాసాలదా?

3. పేర్ల వరస దేన్ని బట్టి పెట్టారు? జనాభాను బట్టా?

4. ఈ ఆకుపచ్చ పొరను ఒక్కసారి తీసి చూపిస్తారా?

5. మా ఊరు డేటాలో లేదా, లేక తెర మీద రాలేదా?

నాలుగో ప్రశ్న మరిచిపోకండి. ఒక్క పొర తీయగానే కింద ఎంతమంది ఉన్నారో ఆ గదిలో అందరికీ కనిపిస్తది.

ఆ అవ్వ గుంపులో పటం మళ్లీ వేశాం. ఈసారి గుంపు అన్నింటి పైన ఉంది, పేరు తెలుగులో సరిగ్గా వచ్చింది. ఆమె దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూసింది. "ఇప్పుడు వాగు ఎక్కడుందో చూపించు" అంది. చూపించాం. "వాగు ఇటు పక్క కాదు బిడ్డా, అటు పక్క" అంది. నిజమే, వాగు గీత తప్పు. సరిచేశాం.

ఊరు కనిపించినాకనే ఊరివాళ్లు తప్పు పట్టగలరు. మీ ఊళ్లో కూడా పటం వేయించండి, పొరలు తీయించండి, తప్పులు పట్టండి.

జల్, జంగల్, జమీన్ మీద హక్కు మనదే. పటంలో వాటి వరస పెట్టే హక్కు కూడా మనదే.

జోహార్.